టెంకాయ కొట్టిన రాయి

మొదటి రెండు మేకులు అప్పటికే తెల్లబడ్డాయి. మూడోదాన్ని నాగలక్ష్మి చాకిరేవు బండమీద అడ్డంగా పెట్టి, చింతపండు పిప్పిలో ఇంత బూడిద కలిపి, కొబ్బరిపీచుతో రుద్దుతోంది. మూరెడు పొడవున్న ఇనుప మేకులు, మొత్తం నాలుగు. సర్వే ఉన్నా లేకున్నా తెల్లారగానే వాటికి తోముడు తప్పదు. తుప్పు పట్టిన మేకు భూమిలోకి దిగితే మీటరు అబద్ధం చెబుతుందని నాయన మాట. గిన్నెలు ఒకపూట తోమకపోయినా ఆయన పట్టించుకోడు గానీ, మేకులు తోమలేదంటే ఆ రోజు అన్నం దగ్గర ఎవరితోనూ మాట్లాడడు.

నాయన పేరు సుంకప్ప. భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో చూసి బోరుకు చోటు చెప్పడం ఆయన పని. అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని చేలంతా తిరిగేవాళ్లు, పంగల పుల్ల పట్టుకుని నడిచేవాళ్లు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. సుంకప్ప పద్ధతి వేరు. ఇరవై ఏళ్లు ఒక జియాలజిస్టు సారు వెనక వైర్లు మోసి, మేకులు కొట్టి, ఆయన చెప్పిన అంకెలు పలకమీద రాసినట్టు గుర్తుపెట్టుకున్న మనిషి. సారు పని మానుకుని బిడ్డల దగ్గరికి వెళ్లిపోతూ తన పాత మీటరు పెట్టెనూ, ల్యాప్‌టాప్‌నూ సుంకప్ప చేతిలో పెట్టాడు. మీటరు సుంకప్పకు వచ్చు. ల్యాప్‌టాప్ రాదు. అది నాగలక్ష్మి నేర్చుకుంది.

నాలుగు మేకులు వరుసగా భూమిలో కొట్టి, వాటికి వైర్లు తగిలించి కరెంటు పంపితే మీటరులో ఒక అంకె వస్తుంది. మేకులు కొంచెం కొంచెం దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు భూమి సంగతి తెలుస్తుంది. ఆ అంకెలన్నీ నోటుబుక్కులో రాసుకుని ల్యాప్‌టాప్‌లో కొడితే, సారు పెట్టిచ్చిన ప్రోగ్రాం భూమిని నిలువునా కోసినట్టు రంగుల బొమ్మ చూపిస్తుంది. పసుపు రంగు మన్ను. ఎరుపు బండ. బండలో చీలిక ఉండి, చీలికలో నీళ్లుంటే నీలం.

“మేకులు అయిపోయినాయా?” లోపలినుంచి నాయన అరిచాడు.

“ఒకటుండాది.”

“బిరీన కానీ. మీ మామ రెండుసార్లు ఫోన్ చేసినాడు.”

అమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. ఆమెకు ఇవాళ పొయ్యిమీద ధ్యాస లేదు. “మా తమ్ముడి పని. జాగ్రత్తగా సూడండి,” అంది. ఎవరితో అందో తెలియలేదు. నాగలక్ష్మి తలూపింది. నాలుగో మేకు కడిగి, కొంగుతో తుడిచి, గోనెసంచిలో చుట్టింది. ల్యాప్‌టాప్ సంచి తీసి భుజానికి వేసుకుంది. దాన్ని తెరిచి చూడాలని ఆమెకు తోచలేదు.

*

ఆ ల్యాప్‌టాప్‌తో మొదటినుంచీ తంటానే. సారు ప్రోగ్రాం పాతది, పాతదానిలోనే నడుస్తుంది. ల్యాప్‌టాప్‌కేమో ఎప్పుడూ కొత్తది కావాలి. నెలకోసారి కింద మూలన చిన్న గుర్తు వెలుగుతుంది: అప్‌డేట్ వచ్చింది, ఇప్పుడా, తర్వాతా? నాగలక్ష్మి పోయిన ఏడాది ఉగాదికి ముందు ఒక్కసారి ‘ఇప్పుడు’ అని నొక్కింది. తెరమీద చుక్కలు గానుగెద్దులా ఒక పూటంతా తిరిగాయి. తిరిగి తిరిగి లేచేసరికి ప్రింటరు పోయింది. వానాకాలంలో ఇంకొకటి అడగకుండానే దిగింది. తెలుగు అక్షరాలన్నీ ఖాళీ పెట్టెలుగా మారాయి. దాన్ని సరిచేయడానికని మరొకటి వచ్చింది. అక్షరాలు వచ్చాయి, ప్రోగ్రాం పోయింది. అనంతపురంలో కంప్యూటర్లు బాగుచేసే రామాంజనేయులు రెండు రోజులు దగ్గర పెట్టుకుని దాన్ని మళ్లీ లేపాడు.

“వాళ్లకేం మ్మా,” అన్నాడు ఆ రోజు, మూత బిగిస్తూ. “యాడో సల్లటి రూములో కూర్చొని రాస్తారు. మనకు ఏం చెడిందో వాళ్లకు వినపడదు. బాగున్నదాన్ని బాగుచేస్తామని వచ్చేవాళ్లంత ప్రమాదం ఇంకోటి లేదు. నువ్వు దీనికి నెట్టు తగిలించొద్దు. నెట్టు లేకుంటే దానికి దారి దొరకదు.”

ఆ మాట ఆమె ఏడు నెలలు పాటించింది. పది రోజుల కింద ఒక రైతుకు బొమ్మ పంపాల్సి వచ్చి ఫోనులోని నెట్టు తగిలించి, బొమ్మ పోయేలోగా నాలుగు ముద్దలు తిందామని వంటింట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఫోనులో ఆ రోజు నెట్టు డేటా అంతా ఖాళీ. ఏం దిగిందో, ఎంత దిగిందో తెలియదు. నిన్న సాయంత్రం ల్యాప్‌టాప్ ఆపబోతే, మామూలుగా ఉండే ‘ఆపు’ అన్న మాట అక్కడ లేదు. ‘అప్‌డేట్ చేసి ఆపు’ అని ఒక్కటే ఉంది. నొక్కింది. రెండు నిమిషాలు చుక్కలు తిరిగి తెర చల్లగా ఆరిపోయింది. ఇంతేనా, పోనీలే అనుకుంది.

*

మామ మారెప్ప ఊరు గార్లదిన్నె దాటాక లోపలికి ఆరు మైళ్లు. ఇల్లు ఊర్లో లేదు, తోటలోనే. మూడెకరాల చీనీ తోట, తొమ్మిదేళ్ల బత్తాయి చెట్లు. సుంకప్ప మోటారుసైకిల్ ఆపేసరికి మారెప్ప తుండుగుడ్డ విదిలించి ఎదురొచ్చాడు.

“ఏం బావా, ఎండ వచ్చినాక వస్తే నీళ్లు భయపడి ఇంకా లోతుకు పోతాయి.”

“నువ్వు పిలిస్తే పైకొస్తాయిలే.”

“ఏడుసార్లు పిలిస్తి. ఒకటీ పలకలా.”

నవ్వుతూనే అన్నాడు. ఏడు బోర్లు వేశాడు ఆ మూడెకరాల్లో. ఆరు మొదటినుంచీ దుమ్మే. ఏడోది తొమ్మిదేళ్లు తోటను సాకి, పోయిన సంక్రాంతి దాటగానే బురద కక్కి, తర్వాత గాలి కక్కి ఆగిపోయింది. అప్పటినుంచీ ట్యాంకరుతో ఒక్కో చెట్టుకు రెండు బిందెలు పోస్తున్నారు. మొన్న ఆ ట్యాంకరాయనా ఇక నా బోరూ ఎండుతోందని మానుకున్నాడు.

నాగలక్ష్మి చెట్ల మధ్య నడిచింది. ఆకులు దోనెల్లా ముడుచుకుని ఉన్నాయి. కాయలు నిమ్మకాయంత దగ్గరే నిలిచిపోయి, తొడిమలు ఎండి, తాకితే రాలుతున్నాయి. కొమ్మల చివర్లు నల్లబడ్డాయి. ఒక కొమ్మను గోరుతో గీకి చూసింది. లోపల ఇంకా పచ్చగానే ఉంది.

“పచ్చ ఉండాది కదా?” వెనకనుంచి మారెప్ప అడిగాడు. “నేనూ దినామూ గీకి చూస్తాండా. ఇంకో వారం, పది దినాలు. ఆ లోపల నీళ్లు పడితే తోట నిలబడుతుంది. పడకుంటే కట్టెలే. ఎద్దుల్ని అమ్మేసి ఈ బోరు వేపిస్తాండా పాపా. ఇంక అమ్మేదానికి ఏం లేదు.”

“చూస్తాం మామా,” అంది.

“బొమ్మలో ఏ రంగు వస్తే నీళ్లంటివి?”

“నీలం. ఎరుపు వస్తే బండ.”

“నీలమే రానీ. మీ అత్తకు నీలం చీర తీసిస్తా.”

“ఈయప్ప తీసిచ్చే చీరకు నేను బతికుండాల కదా,” వాకిట్లో పసుపు నూరుతున్న మారెప్ప భార్య చిన్నక్క అంది.

మూడు చోట్ల మేకులు కొట్టారు. పడమటి గట్టు పక్కన ఒకటి, పాత బోరు దగ్గర ఒకటి, తూర్పున పేడదిబ్బకు ఈవల ఒకటి. సుంకప్ప సుత్తితో కొడతాడు, మారెప్ప వైరు లాగుతాడు, నాగలక్ష్మి మీటరు పెట్టె ముందు గొంతుక్కూర్చుని అంకె రాసుకుంటుంది. తోమిన మేకులు ఎండకు మెరుస్తూ దిగాయి. తొమ్మిదిన్నరకల్లా నోటుబుక్కులో మూడు పేజీలు నిండాయి. పదకొండుకు బోరు బండి వస్తుంది. బొమ్మ తీయడానికి అరగంట చాలు. అంతా సవ్యంగానే ఉంది.

ఇంట్లో కిటికీ కింద నులకమంచం వేసి ఉంది. పక్కనే ప్లగ్గు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ప్లగ్గు ఉంటేనే బతుకుతుంది. నాగలక్ష్మి వైరు తగిలించి మీట నొక్కింది.

నీలం తెర వచ్చింది. మధ్యలో చుక్కలు తిరుగుతున్నాయి. కింద ఇంగ్లీషులో రెండు వరుసలు: అప్‌డేట్లు జరుగుతున్నాయి, కంప్యూటర్‌ను ఆపవద్దు. సున్నా శాతం.

నిన్న జరిగింది సగమేనని అప్పుడు అర్థమైంది. మిగతా సగం పొద్దున తెరిచినప్పుడు చేద్దామని అది కాచుకుని ఉంది. పొద్దున తమ ఇంట్లో, మేకులు తోమేటప్పుడు, పక్కన తెరిచి పెట్టి ఉంటే ఈపాటికి అయిపోయేది.

బయటికి వెళ్లి రామాంజనేయులుకు ఫోన్ చేసింది.

“ఎంతకు వచ్చింది?” అన్నాడు.

“నాలుగు శాతం.”

“ఆపొద్దు మ్మా. మధ్యలో ఆపితే మొత్తం పోతాది. మీ సారు ప్రోగ్రాం నా తాతకూ లేపేదానికి కాదు.”

“ఎంతసేపు పడుతుందన్నా?”

“అది దాని ఇష్టం. ముప్పైకాడ పది నిమిషాలు ఉంటాది, అరవైకాడ గంట కూర్చుంటాది. తొంబై తొమ్మిది వచ్చినాక పొద్దు గూకేదాకా నిలబడినవి చూసినా. కరెంటు పోకుండా సూసుకో.”

*

బోరు బండి అరగంట ముందే వచ్చింది. ముందు బోరు లారీ, దాని వెనక కంప్రెసరు లారీ. చెట్లమీద తెల్లటి దుమ్ము లేచింది. బండి మేస్త్రీ తమిళాయన, నడుముకు ఎర్ర తువాలు కట్టుకున్నాడు. దిగీ దిగకముందే, “పాయింటు ఎక్కడ సార్? సాయంత్రం పామిడిలో ఉండాలి. టైమ్ ఇల్లె,” అన్నాడు.

“కాసేపు ఆగప్పా, టీ తాగు,” అన్నాడు మారెప్ప.

మేస్త్రీ టీ తాగాడు. ఇంకో టీ తాగాడు. కంప్యూటర్ నలభై ఒకటి దగ్గర ఉంది.

మారెప్ప లోపలికి వచ్చి మంచం పక్కన నిలబడి చూశాడు. “ఇదేం చేస్తాంది పాపా ఇంతసేపు?”

“తనను తాను బాగుచేసుకుంటాంది మామా.”

“దీనికేం రోగం?”

“ఏం లేదు. నిన్నటిదాకా బాగానే ఉండె.”

“బాగున్నదానికి మందేల?” అతను తెరవైపు కాసేపు తేరిపార చూశాడు, పశువు ఈనేటప్పుడు చూసినట్టు. “సరే. దానికీ ఒక ఘడియ రావాల.”

పదకొండుకు యాభై ఎనిమిది. పదకొండుంపావుకు అరవై నాలుగు. అక్కడ నిలిచిపోయింది. నాగలక్ష్మి దానిముందు చేతులు కట్టుకుని కూర్చుంది. ఇంకేం చేయడానికీ లేదు. నోటుబుక్కులోని అంకెలు తెరిచి చూసింది. గట్టు పక్కన అంకెలు బాగా తక్కువగా ఉన్నాయి. అంకె తగ్గిందంటే తేమ. తేమ అంటే నీళ్లు కావచ్చు, ఉప్పు పట్టిన మన్నయినా కావచ్చు. ఆ గట్టు వెంబడి తెల్లటి చవుడు పూసి ఉండటం ఆమె పొద్దున గమనించింది. దిబ్బ దగ్గర కూడా అంకెలు తగ్గాయి, అయితే లోతుకు పోయాక. దేనికి ఎంత విలువ ఇవ్వాలో విడదీసి చెప్పేది ప్రోగ్రామే. అది అరవై నాలుగు శాతం వెనక ఎక్కడో ఇరుక్కుని ఉంది.

బయట మేస్త్రీ గొంతు పెరిగింది. “సార్, పాయింటు చెప్తే వేస్తా. లేకుంటే పోతా. మళ్లీ ఈ సైడు ఎప్పుడు వస్తానో నాకే తెలీదు.”

సుంకప్ప లోపలికి వచ్చాడు. తెర చూశాడు. కూతురి చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని మూడు పేజీలూ తిప్పాడు.

“ఇంకొంచెం ఆగితే వస్తాది నాయనా.”

“ఎంత కొంచెం?”

ఆమె తెరవైపు చూసింది. అరవై నాలుగే.

గడపలో మారెప్ప నిలబడి ఉన్నాడు. అతనిలో నవ్వు అయిపోయింది. “ఏం బావా, ఇరవై ఏండ్లు సారు ఎంట తిరిగితివే. ఆ పెట్టె లేకుంటే నీకు నోరు లేదా?”

సుంకప్ప మొహం ఎర్రబడింది. బావాబావమరుదులు పరాచికాలు ఆడటం మామూలే గానీ, అది పరాచికం కాదని ఇద్దరికీ తెలుసు. నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. నేరుగా పడమటి గట్టు దగ్గరికి వెళ్లాడు. వంగి చిటికెడు మన్ను తీసి వేళ్లమధ్య నలిపాడు. దిబ్బవైపు ఒకసారి చూసి, “అది పేడ తేమ,” అన్నాడు ఎవరూ అడగకుండానే. ఒక గుండ్రాయి తెచ్చి గట్టు పక్కన పెట్టాడు.

“ఈడ.”

చిన్నక్క రాయి కడిగి పసుపు పూసింది. మూడు బొట్లు పెట్టింది. తంగేడు పూలు ఉంచింది. మారెప్ప చెప్పులు విడిచి, టెంకాయ కొట్టాడు. రెండు చెక్కలూ సమానంగా పగిలాయి. నీళ్లు రాయిమీద పోశాడు.

అంతే. ఇంక ఆ రాయి కదలదు. టెంకాయ కొట్టాక పాయింటు మారిస్తే ఆ చేనులో ఇంకెక్కడా నీళ్లు పడవని ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. అన్నదమ్ములు రాత్రికి రాత్రి రాయిని తమవైపు జరుపుకోకుండా పెద్దవాళ్లెవరో పెట్టిన కట్టుబాటు అయి ఉంటుందని నాగలక్ష్మి అనుకునేది. ఎందుకు పెట్టినా అది ఉంది. ఆ మాట రైతులకు గట్టిగా చెప్పేవాళ్లలో నాయన మొదటివాడు.

బోరు బండి గట్టు పక్కకు జరిగి, కాళ్లు దింపుకుని నిలబడింది.

*

లోపల తెర ఆరి, వెలిగి, మళ్లీ ఆరింది. కొత్త వరుస వచ్చింది: అప్‌డేట్ పూర్తి చేయలేకపోయాము. మార్పులు వెనక్కి తీసుకుంటున్నాము. ఆపవద్దు.

ఆమె ఆ వరుసను రెండుసార్లు చదివింది. పొద్దున్నుంచి చేసిందంతా అదే చెరుపుకుంటోంది. బయట ఇనుము బండను కొట్టే చప్పుడుకు కిటికీ చువ్వలు అదురుతున్నాయి.

పన్నెండు దాటి ఇరవై నిమిషాలకు ల్యాప్‌టాప్ నిన్న ఎట్లా ఉందో అట్లాగే లేచింది. అవే రంగులు, అవే గుర్తులు. మూలన ఒక మాట: మళ్లీ ప్రయత్నిస్తాము. ప్రోగ్రాం తెరిచి మూడు చోట్లకూ పేర్లు కొట్టింది: గట్టు, పాత బోరు, దిబ్బ. అంకెలు ఒక్కొక్కటే ఎక్కించింది. బొమ్మ వచ్చింది.

గట్టు కింద పైపొరలో సన్నటి నీలపు చార, చవుడు మన్నులోని తేమ. దానికింద అంతా ఎరుపు, బొమ్మ అడుగుదాకా ఎరుపే. పాత బోరు కింద ఎరుపు. దిబ్బ కింద పసుపు, ఎరుపు, ఆ తర్వాత మూడు వందల అడుగులమీద ఏటవాలుగా ఒక నీలం పట్టీ.

అంకెలు తప్పు కొట్టానేమోనని చెరిపి మళ్లీ కొట్టింది. అదే బొమ్మ. లేచి పరుగెత్తింది.

సుంకప్ప బండికి ఇరవై అడుగుల దూరంలో, నోటికి తుండు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బోరు నోటినుంచి బూడిదరంగు దుమ్ము ఎగజిమ్ముతోంది. కూతురు ఆయన చెవిదగ్గర నోరు పెట్టి అరిచింది.

“నాయనా, గట్టు కింద ఎరుపే. అంతా ఎరుపే. దిబ్బ కాడ నీలం ఉండాది, మూడు నూర్ల మీద.”

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని చెట్టు చాటుకు లాక్కెళ్లాడు.

“అది లేచిందా?”

“లేచింది. అప్‌డేట్ కాలేదంట. ఎనక్కి తీసుకునింది.”

“సగం పొయ్యి సగం వచ్చినదాని మాట నమ్మేదెట్లా? పోయినేడు అది చెప్పిన చోట దుమ్ము లేవలా?”

“ఒకసారి లేచింది. రెండుసార్లు కొట్టి చూసినా నాయనా. బండి నిలపమను. దిగింది ఎనిమిదో రాడ్డే కదా.”

సుంకప్ప బండివైపు చూశాడు. అక్కడ మారెప్ప చేతులు వెనక్కి కట్టుకుని, దుమ్ముకు కళ్లు మూయకుండా, బోరు నోటివైపే చూస్తున్నాడు.

“టెంకాయ కొట్టినారు,” అన్నాడు సుంకప్ప.

“అయితే ఏం?”

“ఇరవై ఏండ్లనుంచి జనానికి నేనే చెప్తాండా రాయి కదిలించొద్దని. ఈ పొద్దు నా బామ్మర్ది చేన్లో నేనే కదిలించేదా? ఎనిమిది రాడ్లు వేసినాక, తప్పు చెప్తినప్పా, పేడదిబ్బ కాడికి రా అనేదా?”

“మామకు నేను చెప్తా.”

“నోరు మూసుకో. పొయ్యి దాన్ని మూసెయ్.”

నాయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. అటువంటి గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. వెనక్కి నడిచింది. మామకు చెప్పాలంటే ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులు ఆమె నడవలేదు. లోపలికి వచ్చి మూత మూసింది. ప్లగ్గు తీయడం మరిచిపోయింది.

తర్వాత గడపలో కూర్చుని రాడ్లు లెక్కపెట్టింది. రాడ్డుకు ఇరవై అడుగులు. పది. పద్నాలుగు. పంతొమ్మిదో రాడ్డుకు దుమ్ము కాస్త నల్లబడింది. చిన్నక్క లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. ఇరవైకి మళ్లీ తెల్లబడింది. చిన్నక్క కూర్చుంది. ఎవరూ అన్నం మాట ఎత్తలేదు. ఇరవై ఎనిమిది. ముప్పై మూడు. మేస్త్రీ ప్రతి రాడ్డుకూ మారెప్పవైపు చూస్తాడు, మారెప్ప తల ఊపుతాడు. ముప్పై ఎనిమిదో రాడ్డు దిగాక మేస్త్రీ తనంతట తానే బండి ఆపి, “సార్, చాలు. పౌడరే వస్తుంది. ఇంకా వేస్తే నాకు పాపం,” అన్నాడు.

కంప్రెసరు ఆగాక లేచిన నిశ్శబ్దంలో ఎక్కడో ఒక చీనీకాయ రాలిన చప్పుడు వినిపించింది.

*

బండ్లు వెళ్లిపోయాయి. చెట్లమీదా, ఇంటిమీదా, పసుపు పూసిన రాయిమీదా ఒకే రంగు దుమ్ము. చిన్నక్క చెంబుతో మజ్జిగ తెచ్చింది. సుంకప్ప తీసుకోలేదు. గోడవారన కూర్చుని మేకులు ఒక్కొక్కటే గోనెలో చుడుతున్నాడు. చుట్టినవి విప్పి మళ్లీ చుడుతున్నాడు.

మారెప్ప కాళ్లు కడుక్కుని వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. కనుబొమల్లో, మీసాల్లో బండపొడి. ఉన్నట్టుండి ముసలివాడైపోయినట్టు కనిపించాడు.

“కానీలే బావా,” అన్నాడు. “నువ్వేం చేస్తావు? భూమి లోపల నువ్వు దూరి చూసినావా?”

సుంకప్ప ఇంకో మేకు గోనెలో చుట్టాడు.

మారెప్ప చెయ్యి పక్కనున్న ల్యాప్‌టాప్‌కు తగిలింది. “దీని వైద్యం అయిపోయిందా పాపా?”

“అది చెడిపోయిందిలే,” అన్నాడు సుంకప్ప తొందరగా. “రామాంజనేయులుకు ఇయ్యాల.”

“పాపం, దానికీ మన గతే పట్టిందా? ఎంత శాతంలో పోయిందో సూద్దాం,” అంటూ మారెప్ప మూత ఎత్తాడు.

తెర వెలిగింది.

ఏడో తరగతి దాకా చదివిన మనిషి. మొదటి పేరుమీద వేలు పెట్టాడు. గట్టు. వేలు కిందికి జరిపాడు. ఎరుపు, ఎరుపు, ఎరుపు. పాత బోరు. అదీ అంతే. మూడో పేరు దగ్గర వేలు ఆగింది. దిబ్బ. కిందికి, ఇంకా కిందికి జరిపి, నీలం పట్టీమీద వేలు ఉంచి, తీయలేదు.

సుంకప్ప చేతిలోని మేకు గోనెలో సగం దిగి నిలిచిపోయింది.

“ఇది ఎప్పుడొచ్చింది?” అని అడిగాడు మారెప్ప. బావను అడగలేదు. మేనకోడల్ని అడిగాడు.

నాగలక్ష్మి నాయనవైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. అబద్ధం చెప్పడానికి ఆ ఒక్క క్షణమూ ఖాళీగానే ఉంది. ఆమె దాన్ని పోనిచ్చింది.

“ఎనిమిదో రాడ్డు దిగేటప్పుడు మామా.”

మారెప్ప తల ఊపాడు, మేస్త్రీకి ఊపినట్టే. తెరమీది వేలు తీశాడు. వేలి గుర్తు, బండపొడి గుర్తు, నీలంమీద మిగిలింది. మూత నెమ్మదిగా, చప్పుడు కాకుండా, నిద్రపోతున్న బిడ్డమీద దుప్పటి కప్పినట్టు మూశాడు. లేచి, తలుపు మూలకు ఆనించి ఉన్న గొడ్డలి తీసుకున్నాడు. బొటనవేలితో పదును చూశాడు.

“యాడికి?” అంది చిన్నక్క. “ఏమప్పా, నిన్నే. యాడికి పోతాండావు?”

చేతిలో మజ్జిగ చెంబుతో ఆమె అడ్డం వచ్చి నిలబడింది. మారెప్ప ఆమెను పక్కకు నెట్టలేదు. ఆమే జరిగేదాకా కాచుకుని, గడప దాటి, చెప్పులైనా వేసుకోకుండా, నీళ్లు పడకుంటే కట్టెలేనని పొద్దున తానే అన్న చెట్ల మధ్యకు వెళ్లిపోయాడు.